నడినెత్తి ఎండకు కిటికీ ఎందుకు?

ఒకప్పుడు కారు కొన్నామంటే ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట ‘‘మైలేజీ ఎంతిస్తుంది?’’ అని. ఇప్పుడు అనంతపురంలో అడిగేది ‘‘సన్‌రూఫ్ ఉందా?’’ అని. లేదంటే ఆ ముఖంలో జాలి కనబడుతుంది. ‘‘ఇంకో లక్ష ఏసుకోనుంటే వచ్చేది కదన్నా’’ అని సలహా కూడా ఉచితంగా దొరుకుతుంది. కొత్త బండిని చూడ్డానికి వచ్చినవాళ్లు టైరు తట్టి చూడరు, డిక్కీ ఎత్తి చూడరు, ముందు డోరు తీసి తల పైకెత్తుతారు. పైన అద్దముంటే అది పెద్ద బండి. లేకుంటే ఏదో సర్దుకుని కొన్న బండి. కార్ల మీద వీడియోలు చేసే కుర్రాళ్ల దగ్గర్నుంచి సంబంధం మాట్లాడేందుకు వచ్చిన పెద్దమనుషుల దాకా ఈ విషయంలో అందరిదీ ఒకే మాట.

ఆ మాట తప్పంటున్నాను. ఊటీలోనో అరకులోనో బతికేవాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో కాపురముండేవాడు కారు ఎంచుకునేటప్పుడు సన్‌రూఫ్‌కు మార్కులు వేయకూడదు. వేస్తే గీస్తే మైనస్ మార్కులు వేయాలి. నా వాదన ఇంతే. ఇక దానికి ఆధారాలు.

అనంతపురం భూమధ్యరేఖకు ఉత్తరాన 14.7 డిగ్రీల దగ్గరుంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ నెలాఖరున ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన గుంజ నీడ ఆ పూట దాని మొదట్లోనే ఉండిపోతుంది. ఈ రెండు తేదీల నడుమ మూడున్నర నెలల పాటు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి నుంచి తొమ్మిది డిగ్రీలకు మించి పక్కకు ఒరగడు. మబ్బులేని రోజున అలా నిలువునా దిగే ఎండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు ఉంటుంది. ఆ వేళ కారు పక్క అద్దాల మీద ఎండ పడేది తక్కువ. దెబ్బంతా కాచుకోవాల్సింది పైకప్పే. మన దగ్గర కారుకు పైకప్పు చేసే ముఖ్యమైన పని అది. సరిగ్గా ఆ రేకునే కోసి, అక్కడ అద్దం బిగించి, దానికి మన దగ్గర ఎదురు డబ్బు తీసుకుంటున్నారు.

‘‘అది మామూలు అద్దం కాదు, రంగు అద్దం, వేడిని ఆపే పూత ఉంటుంది’’ అంటారు షోరూములో. నిజమే, మంచి కంపెనీల అద్దాలు ఎండలో చాలా భాగాన్ని ఆపుతాయి. అయినా అద్దం అద్దమే. మామూలు కారు పైకప్పులో తెల్ల పెయింటు ఎండను తిప్పికొడుతుంది. దాని కింద రేకు, ఆ రేకుకూ లోపలి గుడ్డకూ మధ్య గాలి, ఆ గుడ్డ వెనక నురుగు అట్ట ఉంటాయి. అద్దం కింద ఇవేవీ ఉండవు. ‘‘కింద తెర ఉంది కదా, మూసుకోండి’’ అంటారు. ఆ తెర అద్దానికి లోపలి వైపున ఉంది. ఎండ అద్దాన్ని దాటి లోపలికి వచ్చాకే తెరను తాకుతుంది. తెర కాగి, ఆ సెగను మన తల మీదికి దించుతుంది. మే నెలలో బయట నలభై దాటిన రోజున ఆర్టీసీ బస్టాండు పక్కన కారు గంటసేపు ఆపి, వచ్చి ఆ తెరకు అరచేయి ఆనించి చూడండి, తెలుస్తుంది. పక్కనే ఆపిన మామూలు కారు లోపలి కప్పుకూ చేయి ఆనించండి.

వెలుతురు వస్తుంది, లోపల విశాలంగా అనిపిస్తుంది అనేది ఇంకో వాదన. వెలుతురుకు కరువున్న సీమా ఇది? నంబులపూలకుంటలో వందల మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఇక్కడ వెలుతురు దండిగా ఉందనే. అక్కడ పలకల మీద పడ్డ ఎండ కరెంటై ఎవరికో దీపం వెలిగిస్తుంది. మన కారులోకి దూరిన ఎండను బయటికి తోయడానికి మనమే పెట్రోలు కాల్చి ఏసీ తిప్పాలి. ఇంకో వింత చూడండి. పక్క అద్దాలకు నల్ల ఫిలిం వేయకూడదని 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్నుంచి మనవాళ్లు ఎండ తట్టుకోలేక వెనక అద్దాలకు నల్ల జాలీ తెరలు తగిలించుకుంటున్నారు. ముందు అద్దానికి వెండి రంగు అట్ట అడ్డం పెడతారు. సీటు మీద టర్కీ టవలు పరుస్తారు. నాలుగు వైపులా ఎండతో ఇంత యుద్ధం చేసేవాడు నెత్తిన మాత్రం దానికి తలుపు తెరిచి, ‘‘టాప్ మోడల్’’ అని మురిసిపోతాడు.

ఈ మోజు పుట్టింది మన దగ్గర కాదు, అందులో తప్పేమీ లేదు. కారే మన దగ్గర పుట్టలేదు. కానీ అది ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి. 1930ల్లో జర్మనీలో వెబాస్టో వంటి సంస్థలు కార్లకు మడతపెట్టే పైకప్పులు చేయడం మొదలుపెట్టాయి. స్టుట్‌గార్ట్ నగరంలో నడివేసవిలో కూడా సూర్యుడు 65 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. డిసెంబరులో మధ్యాహ్నానికి కూడా పద్దెనిమిది డిగ్రీలే. అక్కడ ఎండ అపురూపం. అది కనిపించిన రోజు పండగ. పైగా యూరప్ కార్లలో ఏసీ మామూలు వస్తువు కావడానికి దశాబ్దాలు పట్టింది. అప్పటిదాకా సిగరెట్టు పొగ, ఉక్కపోత బయటికి పోవడానికి పైకప్పులో సందు పనికొచ్చేది. అంటే ఎండ తక్కువ, ఏసీ లేదు అనే రెండు కారణాల మీద నిలబడ్డ వస్తువు అది. మన దగ్గర ఎండ ఎక్కువ, ఏసీ లేని కారు షోరూములో దొరకడమే అరుదు. ఆ కారణాలు రెండూ ఇక్కడ లేవు. వస్తువు మాత్రం వచ్చి కూర్చుంది.

‘‘మన పాత మిద్దెలకూ గవాచి ఉండేది కదా, అదేమో తాతల తెలివి, ఇదేమో తప్పా?’’ అని ఒక మిత్రుడు గట్టిగానే అడిగాడు. అడగదగిన ప్రశ్నే. మట్టి మిద్దెకు రాతి గోడలు మందంగా ఉండేవి, కిటికీలు ఉండేవి కావు, ఉన్నా చిన్నవి. దూలాలు, దంతెలు పరిచి, గడ్డి వేసి, పైన జానెడు మన్ను, ఆ మీద చౌడు పోసేవాళ్లు. ఆ చీకటింట్లో పొయ్యి పొగ పోవడానికి, నడింట్లో మనిషి ముఖం కనబడ్డానికి కప్పులో ఒక బొక్క పెట్టేవాళ్లు. అది తిప్పి కొడితే అన్నం తినే పళ్లెమంత. చుట్టూ గట్టు, వాన వస్తే మూయడానికి పక్కనే ఒక బండ. మిద్దె మిగతా భాగమంతా మూరెడు మందాన ఎండను ఆపుతుంటే, అవసరమున్నంత మేర మాత్రం తెరిచిన కన్ను అది. ఆ తాత ఇంటి కప్పులో సగం పీకి అద్దం వేయలేదు. అదీకాక కారుకు చుట్టూ ఆరు అద్దాలున్నాయి, పొయ్యి లేదు. గవాచిని సాక్ష్యానికి పిలిస్తే అది నా వైపే చెబుతుంది.

ఎండ సంగతి ఇంతటితో వదిలేసి దుమ్ము దగ్గరికి వస్తాను. ఎందుకంటే ఎండ గురించి ఎవరైనా ఊహించగలరు. దుమ్ము గురించి కారు కొనేవాడికి ఎవరూ చెప్పరు.

సన్‌రూఫ్‌లోంచి నీళ్లు కారకుండా ఆపేది దాని చుట్టూ ఉండే రబ్బరు అని చాలామంది అనుకుంటారు. రబ్బరు ఆపేది కొంతే. అది దాటి కొన్ని నీళ్లు లోపలికి వస్తాయని కంపెనీకి ముందే తెలుసు. అందుకే అద్దం చుట్టూ ఒక సన్నటి కాలువ ఉంటుంది. ఆ కాలువ మూలల్లో చిన్న రంధ్రాలు, వాటికి వేలి లావు కూడా లేని గొట్టాలు. ఆ గొట్టాలు కారు స్తంభాల లోపల్నుంచి కిందికి దిగి, ముందువి డోరు కీళ్ల దగ్గరో చక్రం పైనో, వెనకవి బంపరు దగ్గరో నీళ్లు వదులుతాయి. ఏర్పాటు బాగానే ఉంది. అది పనిచేయాలంటే గొట్టాలు శుభ్రంగా ఉండాలి, లేదా తరచూ వాన పడి వాటంతట అవే కడుక్కుపోతుండాలి.

మన దగ్గర ఏమవుతుందో కళ్యాణదుర్గం రోడ్డులో ఒక షెడ్డులో దగ్గరుండి చూశాను. మెకానిక్ అద్దం వెనక్కి జరిపి, కాలువలో చూపుడువేలు పెట్టి గీసి నాకు చూపించాడు. వేలి కొసన ఎర్రమన్ను ముద్ద, అందులో ఎండిన వేపపూత, కానుగ పూరేకులు. వేసవిలో నీడ కోసం మనం కారు ఆపేది వేపచెట్టు కింద, కానుగచెట్టు కింద. అవి పూత రాల్చేదీ ఎండాకాలంలోనే. అతను గడ్డి కోసే మిషన్‌కు వాడే నైలాను తీగ తీసుకుని రంధ్రంలోకి మెల్లగా దూర్చాడు. జానెడు పోయి ఆగింది. అటూ ఇటూ తిప్పితే కింద బంపరు దగ్గర్నుంచి మట్టిగడ్డ ఒకటి రాలింది. కందిరీగ కట్టుకున్న గూడు.

‘‘అద్దం కారుతాందని తెస్తారు సార్. అద్దమేం చేస్తాది? గొట్టం పూడ్కపోయింటాది. నీళ్లు పోడానికి దావ లేక లోపలికి దిగుతాయి’’ అన్నాడు. దిగిన నీళ్లు స్తంభం పక్కనుంచి కార్పెట్ కిందికి చేరతాయట. అక్కడ వైర్లుంటాయి. రెండు నెలల తర్వాత డోరు లాకులు వాటంతటవే పడుతుంటాయి, లైట్లు వెలిగి ఆరుతుంటాయి. ఓనరు బ్యాటరీ మారుస్తాడు. బ్యాటరీ తప్పేమీ లేదు. కార్పెట్ ఎత్తి చూసేదాకా అసలు రోగం బయటపడదు. ఆ షెడ్డులో ఆ రోజు ఒక సీటు విప్పి బయట ఎండలో ఆరబెట్టి ఉంది. ఎండకు ఆ మాత్రం ఉపయోగం ఉంది మరి.

అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ‘‘వానే లేని చోట కారుతుందని భయమెందుకు?’’ అని నవ్వుతారు. వాన తక్కువైన చోటే ఈ భయం ఎక్కువ. తరచూ జల్లు పడే కేరళలో గొట్టం పూడదు, పూడినా వారంలో తెలిసిపోతుంది. మన దగ్గర నెలల తరబడి దుమ్మే దుమ్ము. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఇసుక పొలాల మీద మేటలు వేస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలే మన కారు కాలువలోకి మన్ను మోసుకొస్తుంది. తర్వాత ఒక్క రాత్రి వాన కుమ్మరిస్తుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు నీట మునిగింది గుర్తుంది కదా. కరువు సీమలో వాన అలాగే వస్తుంది, వస్తే అంతా ఒకేసారి. నెలలు నిండిన దుమ్ముతో పూడుకున్న గొట్టం మీద ఆ వాన పడితే కారులోకి కాక ఎక్కడికి పోతుంది?

ఇక్కడొక మాట నిజాయితీగా చెప్పాలి. అద్దం పగిలితే సమగ్ర బీమా ఇస్తుంది, గాజు భాగాలకు తరుగుదల కూడా కోయరు. కానీ బీమా కట్టేది ప్రమాదానికి. పట్టాల్లో ఇసుక పడి మోటారు గింజుకున్నా, తెర ముడతపడి ఇరుక్కున్నా, గొట్టం పూడి కార్పెట్ కుళ్లినా అది ‘వాడకంలో అరుగుదల’ కిందికి వస్తుంది. జేబు మనదే.

ఇప్పుడు అసలు గుచ్చుకునే వాదనకు వద్దాం. ‘‘ప్రపంచానికి కార్లు చేసి పంపే గడ్డ మనది. మన పెనుకొండలో చేసిన కారు మనం సన్‌రూఫ్ లేకుండా కొనాలా?’’ ఈ గర్వాన్ని నేను తక్కువ చేయను. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా మూడు లక్షల కార్లు చేయగల కియా కర్మాగారం లేచింది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందమైతే 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. 2023 జూలైకి పది లక్షల కార్లు అక్కడ్నుంచి దొర్లాయి. వలసలు తప్ప ఇంకేమీ ఎగుమతి చేయలేదనే పేరున్న జిల్లాకు అది చిన్న సంగతి కాదు. ఆ ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తాయి. ఆ జలాశయానికి హంద్రీ-నీవా కాలువ మీదుగా, శ్రీశైలం వెనక జలాల నుంచి ఎత్తిపోస్తూ తెస్తారు. అంత దూరపు కృష్ణా నీళ్లు మన కొండల దాకా ఎక్కొచ్చి కారుకు పెయింటు కడుగుతున్నాయి. గర్వపడాల్సిందే.

కానీ మన గడ్డ మీద బిగించినంత మాత్రాన అది మన ఎండను చూసి గీసిన కారు కాదు. అదే బండి పదుల దేశాలకు ఓడెక్కుతుంది. దాని గీత గీసినవాళ్ల రాజధాని సియోల్‌లో డిసెంబరు మధ్యాహ్నపు సూర్యుడు 29 డిగ్రీల ఎత్తున ఉంటాడు, గడ్డకట్టే చలిలో. అక్కడ అద్దపు కప్పు కింద కూర్చుంటే హాయిగానే ఉంటుంది. 2023 జూలైలో సెల్టోస్‌కు కప్పంతా పరుచుకునే పనోరమిక్ అద్దం వచ్చినప్పుడు అది వచ్చింది పెనుకొండ మధ్యాహ్నాన్ని చూసి కాదు. 2019లో ఎంజీ హెక్టర్, 2020లో హ్యుందాయ్ క్రెటా ఆ అద్దంతో జనాన్ని లాక్కుపోయాయి కాబట్టి వచ్చింది. ఆ పోటీ కిందికి దిగి దిగి 2023లోనే ఎక్స్‌టర్ లాంటి చిన్న బండికీ సన్‌రూఫ్ మొలిచింది. నోటితో చెబితే తెరుచుకుంటుంది కూడా.

సన్‌రూఫ్ ఇలా కొన్నేళ్లలోనే పెద్ద బండి నుంచి చిన్న బండి దాకా దిగడానికి ఏ చట్టమూ అక్కర్లేకపోయింది. మనం అడిగాం, వాళ్లు ఇచ్చారు. మరి ఎయిర్‌బ్యాగులు? 2020 నవంబరులో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టి చూసినప్పుడు మన పెనుకొండ సెల్టోస్‌కు అయిదింట మూడు నక్షత్రాలే వచ్చాయి. అప్పుడు కింది వేరియంట్లకు రెండు ఎయిర్‌బ్యాగులే. ఆ వారం షోరూముకు పోయిన ఎంతమంది ఆ మూడు నక్షత్రాల గురించి అడిగుంటారు? తర్వాత 2022లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకూ ఇచ్చారు, మంచిదే. కానీ దేశంలో అన్ని కార్లకూ ఆరు తప్పనిసరి చేస్తామన్న కేంద్రం, 2023 సెప్టెంబరుకు ఆ మాట వెనక్కి తీసుకుంది. ప్రాణం కాపాడే సంచి కోసం ప్రభుత్వం నియమం పెట్టాలా వద్దా అని ఏళ్ల తరబడి తర్జనభర్జన. నెత్తిన అద్దానికి మాత్రం ఏ తర్జనభర్జనా లేదు. కొనేవాడు దేన్ని అడిగితే కంపెనీ దాన్నే మెట్లు దింపుతుంది. మనం అయిదేళ్లుగా అడిగింది ఏమిటో ఈ లెక్కే చెబుతోంది.

‘‘రెండూ ఉన్న బళ్లున్నాయిగా’’ అంటారు. ఉన్నాయి. 2024 నవంబరులో వచ్చిన మారుతి డిజైర్‌కు సన్‌రూఫ్ ఉంది, గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలూ ఉన్నాయి. కానీ ఆ బండిలో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్నింటికంటే చవక వేరియంట్‌కూ ఉన్నాయి. సన్‌రూఫ్ మాత్రం అన్నింటికంటే పైదానికే. ఆ నక్షత్రాలు కావాలంటే అద్దం కొననక్కర్లేదు. ఆ బండిని ఉదాహరణగా తెచ్చేవాళ్లు ఈ ముక్క ఒక్కటి మింగేస్తారు.

పిల్లల పేరు చెప్పి కొనే తండ్రుల మీద నాకు కోపం కంటే భయం ఎక్కువ. ఊరి బయటికి వస్తే చాలు, పిల్లల్ని సీటు మీద నిలబెట్టి తలలు పైకి తీయిస్తారు. పెళ్లి ఊరేగింపుల్లో, నాయకుల రోడ్ షోల్లో పెద్దలు చేసి చూపిస్తున్నదే పిల్లలు నేర్చుకున్నారు. 2025 సెప్టెంబరులో బెంగళూరులో ఒక పిల్లవాడు ఇలాగే నిలబడి వెళ్తుంటే, పొడవాటి బళ్లు రాకుండా రోడ్డుకు అడ్డంగా కట్టిన ఇనుప దూలం తలకు తగిలింది. ఆ వీడియో మనలో చాలామంది ఫోన్లలోకి వచ్చింది. మన రైల్వే బ్రిడ్జీల దగ్గర అలాంటి దూలాలు లేవా? ఊళ్లలోకి పోయే దారుల్లో చింతకొమ్మలు వంగి ఉండవా? పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకుంటే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. ఆ వెయ్యి ఎవరూ వసూలు చేయరని మనకు తెలుసు. బ్రేకు పడితే ఆ పిల్లవాడి మెడ ఏమవుతుందన్నది మాత్రం వసూలు కాకుండా పోదు.

బండి పల్టీ కొడితే అద్దపు కప్పులోంచి మనుషులు బయటికి విసిరేయబడే ప్రమాదం ఉందని కార్లు చేసేవాళ్లకు తెలియంది కాదు. హ్యుందాయ్ కుటుంబానికే చెందిన మోబిస్ సంస్థ 2017లో పనోరమిక్ కప్పుకు అడ్డంగా పరుచుకునే ఎయిర్‌బ్యాగును తయారుచేసి చూపించింది. కప్పుకు అద్దం పెట్టి, ఆ అద్దానికి మళ్లీ సంచి పెట్టి! అమెరికాలో 2012లో హ్యుందాయ్ వెలోస్టర్ కార్లను పనోరమిక్ అద్దం పగలవచ్చని వెనక్కి పిలిపించారు. ఆ మరుసటి ఏడు కియా సోరెంటో అద్దాల మీద అక్కడి రోడ్డు భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది. ప్రతి అద్దమూ పగులుతుందని నేననను. కానీ రేకు కప్పు మీద ఇలాంటి విచారణ పెట్టాల్సిన పని ఎవరికీ రాదు.

ఇక రీసేల్. ఈ ఒక్క మాటతో ఎంతో మంది నోరు మూయించారు. ‘‘అమ్మేటప్పుడు సన్‌రూఫ్ లేకుంటే ఎవడూ కొనడు.’’ ఏడేళ్ల పాత బండి కొనేవాడు తెలివైనవాడైతే మెకానిక్‌ను వెంటబెట్టుకుని వస్తాడు. ఆ మెకానిక్ ముందు చూసేది లోపలి కప్పు గుడ్డ మీద నీటి మరకలున్నాయా అని. ఎదుటివాడికి అది ఇష్టమని నేననుకుని కొంటాను. నాకిష్టమని ఎదుటివాడనుకుంటాడు. నిజంగా దాన్ని వాడేదెవరో ఇద్దరికీ తెలీదు. కొన్న కొత్తలో వారం తెరిచి, తర్వాత తెర మూసి మరిచిపోయినవాళ్లు మీ బంధువుల్లోనే ఎంతమంది ఉన్నారో అడిగి చూడండి.

డబ్బు లెక్క కూడా చూడండి. పై వేరియంటుకు ఎక్కే లక్షను అప్పుగా తీసుకుని, తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ల కంతులుగా కడితే 1.35 లక్షలవుతుంది. లైఫ్ ట్యాక్స్ బండి ధరలో శాతం కాబట్టి అదీ పెరుగుతుంది. బీమా పెరుగుతుంది. ఇందులో అసలు మోసం ఇంకోటుంది. వెనక సీటుకు ఏసీ గాలి, వెనక అద్దానికి వైపరు, సీటు ఎత్తు సర్దుకునే మీట లాంటి నిజంగా పనికొచ్చేవాటిని చాలా బళ్లలో సన్‌రూఫ్ ఉన్న మెట్టు మీదే పెడతారు. వెనక కూర్చునే అమ్మకు చల్లగాలి కావాలంటే నెత్తిన అద్దం కూడా కొనాల్సిందే. తర్వాత ‘‘జనం సన్‌రూఫ్ వేరియంట్లే ఎక్కువ కొంటున్నారు’’ అని ప్రకటన. కొంటారు మరి, ఇంకేం దారి వదిలారు?

అనంతపురంలో కారు కొనేవాడు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మొదట ఏసీ సంగతి. మే నెల మధ్యాహ్నం ఒంటిగంటకు టెస్ట్ డ్రైవ్ అడగండి, సాయంత్రం ఆరుకు ఇస్తామంటే వద్దనండి. వెనక సీట్లో నలుగురు కూర్చునే కుటుంబమైతే (మనకు ముగ్గురు కూర్చునే అలవాటు ఎక్కడుంది?) వెనకకు గాలి ఎంతసేపట్లో చేరుతుందో చూడండి. తెలుపు రంగు చూడండి, ఎండ తక్కువ పీలుస్తుంది. స్టెప్నీ మిగతా నాలుగింటి సైజులోనే ఉందా అని డిక్కీ అడుగు ఎత్తి చూడండి. కంపముల్లు దిగి టైరు పోయిందంటే, సన్న స్టెప్నీతో రాయదుర్గం నుంచి ఇంటికి రావడం ఎంత సుఖమో ఒక్కసారికే తెలుస్తుంది. ఊరి దారిలో గుంతకు అడుగు తగలకుండా ఎత్తుందా, హైవే 44 మీద లారీ ఒక్కసారి అడ్డం తిరిగితే బండి జారకుండా పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్ ఉందా, సర్వీస్ సెంటరు ఎంత దూరం, ఇవి అడగండి. పొడుగు మనిషైతే సన్‌రూఫ్ ఉన్న బండిలో, లేని బండిలో వరసగా కూర్చుని తలకూ కప్పుకూ మధ్య ఎన్ని వేళ్ల సందుందో కొలిచి చూడండి. ఆ పట్టాలు, మోటారు దూరేది మన తల మీది చోటులోకే.

దానికి సుఖం అసలే లేదని నేననను. పుష్యమాసంలో తెల్లవారుజామున మడకశిర వైపు పోతుంటే అద్దం తెరిస్తే బాగుంటుంది. ఎండలో నిలిపిన బండిలో వేడిగాలి పైకి పోవడానికి కాస్త సందు తెరిచి పెట్టుకోవచ్చు. అయితే నాలుగు కిటికీలు దించినా ఆ పని జరుగుతుంది. లోపలంతా నల్లరంగు అద్దిన బళ్లలో కొందరికి ఊపిరాడనట్టుంటుందట, వాళ్లకు వెలుతురు ఊరట కావచ్చు. డబ్బు దండిగా ఉండి, ఆ నాలుగు తెల్లవారుజాముల కోసం కొనుక్కునేవాడితో నాకు తగువు లేదు. నా తగువు శనక్కాయల డబ్బుకు అప్పు కలిపి కారు కొనే మనిషిని ‘‘సన్‌రూఫ్ లేని బండీ ఒక బండేనా’’ అని చిన్నబుచ్చే ఆ మాటతో.

ఇప్పటికే కొన్నవాళ్లు మృగశిర కార్తె రాకముందే కాలువ తుడిపించుకోండి. రంధ్రంలో చిన్న గ్లాసుతో నీళ్లు పోసి నాలుగు మూలలా కిందికి వస్తున్నాయో లేదో చూసుకోండి. సర్వీసువాళ్లు తొందరలో కంప్రెసర్ గాలి గట్టిగా కొడతామంటే ఒప్పుకోకండి. లోపల గొట్టం కీలు ఊడితే అది కనబడదు, నీళ్లు మాత్రం కనబడతాయి.

కంపెనీని అడగాల్సింది ఒకటుంది. అది పెద్ద కోరికేమీ కాదు. సన్‌రూఫ్ లేని కింది వేరియంట్లకు కోత లేని నిండు కప్పును పెనుకొండలోనే, అదే లైను మీద బిగిస్తున్నారు. అచ్చులున్నాయి, రేకుంది, చేసే చేతులు మన పిల్లలవే. అదే నిండు కప్పును పై వేరియంటుకూ వేసి, వెనక ఏసీ, అన్ని భద్రతలూ ఇచ్చి, అద్దం ఖర్చు ధరలోంచి తీసేసి అమ్మమనండి. షోరూములో బుకింగ్ ఫారం నింపేటప్పుడు ఈ మాట రాతపూర్వకంగా రాయించండి. సేల్స్ కుర్రాడు ‘‘అలాంటి మోడల్ లేదు సార్’’ అంటాడు. అందుకే రాయమంటున్నానని చెప్పండి.